మందిరం కట్టేది సంఘం, అమ్మేది ఎవరు?

పొయ్యి మీద ఎసరు పెట్టాక, బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా చర్చికి వెళ్తుంది. చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల పల్లెల్లో చాలా క్రైస్తవ కుటుంబాల్లో ఇది అమ్మమ్మల కాలం నుంచి ఉన్న అలవాటు. ఆ బియ్యం అమ్మగా వచ్చిన డబ్బు, వేరుశనగ చేతికొచ్చినప్పుడు ఇచ్చే కృతజ్ఞత కానుక, బెంగళూరులో పనికి కుదిరిన పిల్లలు పంపే వెయ్యి, రెండు వేలు, ఇవన్నీ కలిస్తే కొన్నేళ్లకు మూడు సెంట్ల స్థలం. తర్వాత పునాది, గోడలు, పైన రేకులు. ఇంకొన్నేళ్లకు స్లాబు. మేస్త్రీకి కూలి ఇస్తారు కానీ ఇటుకలు మోసేదీ, గోడలకు పొద్దున సాయంత్రం నీళ్లు కొట్టేదీ సంఘం వాళ్లే.

ఇంత కష్టంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని రోజు ఒకటుంది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ స్థలం రిజిస్టర్ అయ్యే రోజు. ఆ రోజు సంఘం నుంచి ఇద్దరో ముగ్గురో సాక్షి సంతకాలకు వెళ్తారు. దస్తావేజులో కొనుగోలుదారు అన్నచోట ఏ పేరు రాశారో ఊళ్లో మిగతా వాళ్లకు తెలియదు. ఎక్కడో ఉన్న కేంద్ర సంస్థ పేరు ఉండొచ్చు, ఒక సొసైటీ పేరు ఉండొచ్చు, ఒక్కోసారి పాస్టర్ సొంత పేరే ఉండొచ్చు. దేవుడి స్థలం కదా, ఎవరి పేరున ఉంటే ఏముంది అనుకుంటారు. స్థలం ధర పెరిగే దాకా నిజంగానే ఏమీ ఉండదు.

ఒక మత సంస్థ స్థానిక సంఘాల ఆస్తి నుంచి లాభపడుతుంది అనగానే ఎవరో డబ్బు మింగేశారన్న అర్థం చాలామందికి తోస్తుంది. అలాంటి కేసులూ ఉంటాయి, వాటికి పోలీసులు, కోర్టులు ఉన్నాయి. కానీ అసలు లాభం చాలావరకు దొంగతనం వల్ల రాదు. పూర్తిగా చట్టబద్ధంగా, కాగితం ప్రకారమే వస్తుంది. ఖర్చు, శ్రమ, మరమ్మతు, కరెంటు బిల్లు కింద ఉన్న సంఘానివి. హక్కు, నిర్ణయం పైన ఉన్న సంస్థవి. భూమి విలువ పెరిగినప్పుడు ఆ పెరుగుదల హక్కు ఎవరిదో వాళ్ల వైపే వెళ్తుంది. ఇంతకంటే క్లిష్టమైన రహస్యం ఇందులో లేదు.

ఈ ఏర్పాటు ఎంత దూరం వెళ్లగలదో తెలియాలంటే అమెరికా కేంద్రంగా నడిచే యెహోవాసాక్షులు అనే మత సంస్థ ఉదాహరణను కాస్త వివరంగా చూడాలి. వాళ్ల ప్రార్థన స్థలాన్ని రాజ్యమందిరం అంటారు. ప్రపంచవ్యాప్తంగా లక్షకు పైగా సంఘాలున్నాయి. మందిరాల నిర్మాణంలో సభ్యుల స్వచ్ఛంద శ్రమే ప్రధానం. వడ్రంగి, ఎలక్ట్రీషియన్, ప్లంబర్ అందరూ కూలి తీసుకోకుండా పనిచేస్తారు. వారాంతంలో వందల మంది చేరి రెండు మూడు రోజుల్లోనే భవనం లేపేసిన సందర్భాలు అమెరికాలో 1970ల నుంచీ ఉన్నాయి. నిర్మాణానికి డబ్బు చాలని సంఘానికి కేంద్రం అప్పు ఇచ్చేది, సంఘం నెలనెలా తీర్చుకునేది. అప్పు తీరితే ఆ భారం దిగిపోయేది.

2014 మార్చిలో కేంద్రం నుంచి అన్ని సంఘాలకూ ఒక లేఖ వెళ్లింది. మందిరాల అప్పులన్నీ రద్దు చేస్తున్నామన్నది అందులోని వార్త. వినగానే ఎవరికైనా సంతోషమే. కానీ దానితోపాటే ఇంకో సూచన ఉంది. అప్పున్న సంఘాలు ఇప్పటిదాకా కడుతున్న కంతుకు తగ్గకుండా నెలనెలా విరాళం పంపేలా తీర్మానం చేయాలి. అప్పులేని సంఘాలు కూడా సభ్యులు ఎంత ఇవ్వగలరో పేరు లేని చీటీల మీద రాయించి, ఆ మొత్తానికి తీర్మానం చేయాలి. సంఘం ఖాతాలో కొన్ని నెలల ఖర్చుకు మించి డబ్బు మిగిలి ఉంటే దాన్నీ కేంద్రానికి పంపడం గురించి ఆలోచించాలి.

ఇక్కడ జరిగిన మార్పును లెక్కల్లో చూడాలి. అప్పుకు ఒక చివరి తేదీ ఉంటుంది. విరాళ తీర్మానానికి ఉండదు. పదేళ్లలో తీరిపోవలసిన కంతు, పేరు మారి, ముగింపు లేని నెలసరి చెల్లింపు అయింది. అప్పు ఎప్పుడో తీర్చేసి ఊపిరి పీల్చుకున్న సంఘం కూడా మళ్లీ చెల్లింపుల వరుసలో నిలబడింది. ఇవి స్వచ్ఛంద విరాళాలేనని, పేద దేశాల్లో మందిరాలు కట్టడానికి ఈ డబ్బు అవసరమని సంస్థ చెబుతుంది. పేద దేశాల్లో మందిరాలు లేచిన మాట నిజం. అయితే స్వచ్ఛందం అన్న మాటకు బలం ఎప్పుడుంటుంది? కాదని చెప్పగలిగినప్పుడు. సభలో అందరి ముందు చేతులెత్తించి పెట్టే తీర్మానానికి చెయ్యి ఎత్తకుండా కూర్చోవడం ఏ ఊళ్లోనైనా ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

రెండో భాగం అమ్మకాలది. రెండు మూడు సంఘాలను ఒకే మందిరంలో వేర్వేరు సమయాల్లో కలుసుకోమని చెప్పి, మిగిలిన మందిరాన్ని అమ్మడం పలు దేశాల్లో జరిగింది. అక్కడి సంఘాల నియమావళిలో సాధారణంగా ఒక వాక్యం ఉంటుంది: సంఘం రద్దయితే దాని ఆస్తి కేంద్ర సంస్థకు చెందుతుంది. అమ్మిన డబ్బు సంస్థ ప్రపంచవ్యాప్త పనికి వెళ్తుంది. ఆ మందిరానికి ఇటుకలు మోసినవాళ్లు ఇప్పుడు ఇంకా దూరంలో ఉన్న మందిరానికి బండి పెట్రోలు పోసుకుని వెళ్తారు.

ఆస్తి విలువ ఎక్కడికి చేరుతుందో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ భవనాలు చూపించాయి. అవి స్థానిక సంఘాలవి కావు, ప్రధాన కార్యాలయానివి. ఆ తేడా మరవకూడదు. 1909 నుంచి బ్రూక్లిన్‌లో ఉన్న ఆ సంస్థ తన కేంద్రాన్ని అదే రాష్ట్రంలోని వార్విక్‌కు మార్చుకుంటూ పాత ఆస్తులు అమ్మింది. 2013లో కొన్ని భవనాలు 37.5 కోట్ల డాలర్లకు, 2016లో నది ఒడ్డున ఉన్న ప్రధాన భవనాలు 34 కోట్లకు, అదే ఏడాది ఒక ఖాళీ స్థలం 34.5 కోట్లకు పోయాయి. ఈ మూడే కలిపితే 106 కోట్ల డాలర్లు. దశాబ్దాల పాటు భోజనం, వసతి, చేతి ఖర్చు మాత్రమే తీసుకుని పనిచేసిన వాళ్ల శ్రమ ఆ ఆస్తుల వెనుక ఉంది.

ఇదంతా ఒక్క సంస్థ కథే అనుకుంటే పొరపాటు. చర్చి స్థలం పైవాళ్ల తరఫున ధర్మకర్తృత్వంలో (ట్రస్టు కింద) ఉంటుందన్న షరతు మెథడిస్టుల్లో ఆ శాఖను మొదలుపెట్టిన జాన్ వెస్లీ కాలం నాటిది. 1763లోనే ఆయన దస్తావేజుకు ఒక నమూనా తయారు చేయించాడు. దాని ఫలితం రెండున్నర శతాబ్దాల తర్వాత కనిపించింది. అమెరికాలోని యునైటెడ్ మెథడిస్ట్ చర్చి నుంచి విడిపోవాలనుకున్న సంఘాలకు 2019లో ఒక దారి తెరిచారు, 2023 చివర దాన్ని మూసేశారు. ఈ మధ్యలో సుమారు 7,600 సంఘాలు, అంటే అక్కడి సంఘాల్లో దాదాపు నాలుగో వంతు, బయటికి వెళ్లాయి. తమ తాతలు కట్టిన చర్చిని తామే ఉంచుకోవడానికి అవి డబ్బు కట్టాయి. పై సంస్థకు ఏటా కట్టే వాటా రెండేళ్లది, దానిపైన పాస్టర్ల పెన్షన్ బాకీలో తమ భాగం. దారి ఉండటం మేలే. లేని చోట కోర్టులే గతి.

మన దేశంలో ఆ కోర్టు దారి ఎలా ఉంటుందో కేరళలో ఆర్థడాక్స్, జాకోబైట్ వర్గాల మధ్య నడిచిన మలంకర చర్చి వివాదం చెబుతుంది. 2017 జూలై 3న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, మలంకర కిందున్న వెయ్యికి పైగా స్థానిక చర్చీలూ 1934 నాటి నియమావళి ప్రకారమే నడవాలి. ఒక ఊళ్లో సభ్యుల్లో ఎక్కువమంది మరో వర్గం వైపు ఉన్నా సరే, చర్చి ఆస్తిని తీసుకుని వెళ్లిపోవడం కుదరదు. తీర్పు వెనుక న్యాయసూత్రం ఉంది, ధర్మానికి ఇచ్చిన ఆస్తి మెజారిటీ మారినప్పుడల్లా చేతులు మారకూడదన్నది. దాన్ని కాదనలేం. కానీ తిరుపతిలోనో పుంగనూరులోనో ఉన్న సంఘం దీన్నుంచి గ్రహించవలసింది ఇంకొకటి: రేపు గొడవ వస్తే కోర్టు ముందుగా చూసేది నియమావళిని, దస్తావేజును. ఎవరు ఎన్ని ఇటుకలు మోశారన్నది ఆ తర్వాతే, అదీ చూస్తే.

ఈ ప్రాంతానికి ఆస్తి ఒకరిది, ఆరాధన ఇంకొకరిది అన్న పరిస్థితి కొత్త కాదు. 1801లో ఆర్కాటు నవాబు పాలన ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చినప్పుడు తిరుమల ఆలయ ఆదాయం కూడా దానితోపాటే వచ్చింది. 1843 దాకా జిల్లా కలెక్టరు పర్యవేక్షణలో ఆలయం నడిచింది, ఖర్చులు పోగా మిగిలింది కంపెనీ ఖజానాకు చేరింది. 1821లో ఆలయ నిర్వహణకు బ్రూస్ పేరుతో ఒక నియమావళి కూడా రాశారు. మొక్కు తీర్చుకోవడానికి మైళ్ల కొద్దీ నడిచొచ్చిన భక్తుడికి తన కానుకలో మిగులు ఎక్కడికి పోతుందో తెలియదు. విగ్రహారాధనతో కంపెనీకి ఏం పని అని ఇంగ్లండు క్రైస్తవులే అభ్యంతరం చెప్పాక, ఆలయ నిర్వహణ హథీరాంజీ మఠం మహంతులకు వెళ్లింది. 1933లో టీటీడీ కమిటీ వచ్చే వరకు వాళ్లే నడిపారు.

చర్చీల వైపు చూస్తే, పాత చిత్తూరు జిల్లాలో రెండు పెద్ద పాయలు కనిపిస్తాయి. ఒకటి 1853లో అమెరికన్ రిఫార్మ్‌డ్ చర్చి తరఫున స్కడర్ సోదరులు మొదలుపెట్టిన ఆర్కాట్ మిషన్. డాక్టర్ జేకబ్ చాంబర్లిన్ 1863లో మదనపల్లెకు వచ్చాడు. అక్కడి మిషన్ ఆసుపత్రి, ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి పేర్లు ఈనాటికీ అందరి నోటా ఉన్నాయి. రెండోది 1865 నుంచి సూళ్లూరుపేట, నాయుడుపేట, కాళహస్తి, తిరుపతి వైపు పనిచేసిన జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే జర్మన్ మిషనరీలు ఈ దేశంలో శత్రుదేశస్థులయ్యారు. వాళ్ల పని అమెరికాలోని ఒహాయో లూథరన్ సినడ్ అనే చర్చి సంస్థ చేతికి వచ్చింది. ఈ మార్పులో స్థానిక తెలుగు సంఘాలను అడిగేవాళ్లు లేరు. అడగవలసిన అవసరం కాగితం ప్రకారం లేదు, ఆస్తి మిషన్‌ది.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడింది. దాని ఆస్తుల కోసం అదే ఏడాది సీఎస్ఐ ట్రస్ట్ అసోసియేషన్ అనే కంపెనీని, లాభాపేక్ష లేనిదిగా, కంపెనీల చట్టం కింద రిజిస్టర్ చేశారు. మిషన్ల పేరున ఉన్న స్థలాలు క్రమంగా దాని పేరు మీదకు మారాయి. ఈ ఏర్పాటుకు అప్పట్లో మంచి కారణాలున్నాయి, వాటిని తక్కువ చేయకూడదు. విదేశీ మిషన్ వెళ్లిపోతే ఆస్తి దిక్కులేనిది కాకూడదు. ఒక పాస్టరు ఊరి చర్చిని తన కొడుకు పేరున రాయించుకోకూడదు. ఒక కుటుంబం, ఒక కులం వాళ్లు కమిటీని పట్టుకుని మిగతా వాళ్లను బయటికి తోసే ప్రమాదం ఉంది. ఉన్న సంఘం లేని సంఘానికి సాయపడాలంటే మధ్యలో ఒక కేంద్రం కావాలి. ఇవన్నీ నిజమైన భయాలే, ఈ రోజుకీ నిజమే. సొంత పేరున స్థలాలు రాయించుకున్న స్వతంత్ర పాస్టర్ల సంఘాల్లో, ఆయన పోయాక వారసులు మందిరానికి తాళం వేసుకున్న సంగతులు ఊళ్లలో వినబడుతూనే ఉంటాయి. కాబట్టి కేంద్రం పేరున ఉండటమే తప్పు అనడం సరికాదు.

తప్పు ఇంకోచోట ఉంది. కేంద్రానికి కాపాడే అధికారం ఇచ్చినప్పుడు, అమ్మే అధికారం కూడా అదే సంతకంతో వెళ్లిపోయింది. కాపలా కాసే హక్కు, తాకట్టు పెట్టే హక్కు, అద్దె వసూలు చేసే హక్కు వేర్వేరు. వాటిని విడదీసి రాసిన నియమావళులు చాలా తక్కువ. మిషన్ కాలంలో ఊరి చివర ఎకరాల్లో ఇచ్చిన స్థలాలు ఇప్పుడు పట్టణం నడిబొడ్డున ఉన్నాయి. రోడ్డు వైపున షాపింగ్ కాంప్లెక్స్ కడితే అడ్వాన్సు ఎంత, నెల అద్దె ఎంత, లీజు ఎన్నేళ్లకు, ఎవరికి, ఈ నాలుగు సంగతులు వెనుక వైపు చర్చిలో కూర్చునే వాళ్లకు తెలియాలి. ముప్పై ఏళ్ల లీజు తక్కువ అద్దెకు రాసేస్తే దాదాపు అమ్మినట్టే, కానీ దాన్ని ఎవరూ అమ్మకం అనరు. పేరుకు ఆస్తి సంఘానిదిగానే ఉంటుంది. దానివల్ల వచ్చే ప్రయోజనం మాత్రం ఒక తరం పాటు వేరే చేతిలో ఉంటుంది. మిషన్ స్థలాల విషయంలో అమ్మకాల కన్నా ఇలాంటి లీజుల మీదే ఎక్కువ కన్ను వేయాలి.

ధరల ఒత్తిడి కూడా మామూలుగా లేదు. ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ వచ్చాయి. రేణిగుంట విమానాశ్రయం పెరిగింది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా కేంద్రమైంది. బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్ వే పలమనేరు, చిత్తూరు వైపు నుంచి వెళ్తోంది. ఒకప్పుడు మేకలు మేసిన స్థలాన్ని ఇప్పుడు అంకణాల లెక్కన బేరమాడుతున్నారు. పిడికెడు బియ్యంతో కొన్న మూడు సెంట్లు కూడా ఆ బేరంలోకి వస్తాయి.

చట్టం సాయం ఏ మేరకు ఉంది? ఇక్కడే పెద్ద ఖాళీ ఉంది. ఆలయ భూమి అమ్మాలంటే 1987 నాటి దేవాదాయ చట్టం 80వ సెక్షన్ అడ్డొస్తుంది. కమిషనర్ ముందస్తు అనుమతి కావాలి, మామూలుగా బహిరంగ వేలం వేయాలి. వక్ఫ్ ఆస్తి అమ్మకం మీద 2013 సవరణతో నిషేధం ఉంది. ఈ రెండు రకాల భూములనూ రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఎ సెక్షన్ కింద నిషేధిత జాబితాలో పెడతారు, సబ్‌రిజిస్ట్రార్ కంప్యూటర్‌లోనే ఆగిపోతాయి. చర్చి ఆస్తికి ఇలాంటి ప్రత్యేక చట్టం లేదు. అది ఒక కంపెనీదో సొసైటీదో అయిన మామూలు భూమిలాగే కనిపిస్తుంది. దస్తావేజులో పేరున్న సంస్థ తరఫున పవర్ ఆఫ్ అటార్నీ పట్టుకుని ఒకరు వస్తే, ఆ మందిరం సంఘాన్ని అడిగారా అని ఆ ఆఫీసులో ఎవరూ అడగరు. కేరళలో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ నాయకత్వంలోని న్యాయ సంస్కరణల కమిషన్ 2009లో చర్చి ఆస్తులకు ఒక బిల్లు ప్రతిపాదించింది, అది చట్టం కాలేదు. ప్రభుత్వం మత ఆస్తుల్లో వేలు పెడుతుందన్న భయం మైనారిటీలకు సహజంగానే ఉంటుంది. దేవాదాయ శాఖ నిర్వహణ మీద హిందువుల్లోనే ఉన్న అసంతృప్తి చూస్తే ఆ భయం అర్థమవుతుంది. అయినా ప్రభుత్వం నడపడం వేరు, అమ్మే ముందు స్థానిక సంఘం సమ్మతి ఉండాలన్న ఒక్క నియమం పెట్టడం వేరు. రెండోదానికి ఏ విశ్వాసమూ దెబ్బతినదు.

చట్టం వచ్చే దాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. కొత్తగా స్థలం కొనే సంఘం దస్తావేజులోనే, ఈ స్థలం ఫలానా ఊరి సంఘ ఆరాధన కోసం కొన్నదని, ఆ సంఘం సర్వసభ్య సమావేశంలో మూడింట రెండు వంతుల సమ్మతి లేకుండా అమ్మకం, తాకట్టు, దీర్ఘకాల లీజు చేయరాదని రాయించుకోవచ్చు. కేంద్రం పేరున రిజిస్టర్ అయినా ఇబ్బంది లేదు, ఆ వాక్యం ఉంటే స్థలాన్ని ధర్మకర్తృత్వంలో పట్టుకున్నామని కేంద్రం ఒప్పుకున్నట్టు అవుతుంది. దానికి ఒప్పుకోని సంస్థ ఎందుకు ఒప్పుకోవట్లేదో సంఘం రిజిస్ట్రేషన్‌కు ముందే తెలుసుకోవడం మంచిది. ఇప్పటికే ఉన్న ఆస్తి దుర్వినియోగం అవుతుంటే, అది ప్రజా మతధర్మ ట్రస్టు కిందికి వచ్చేదైతే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద ప్రయోజనం ఉన్న ఇద్దరు సభ్యులు చాలు, కోర్టు అనుమతితో జిల్లా కోర్టులో దావా వేయవచ్చు. లెక్కలు అడగవచ్చు, ధర్మకర్తలను మార్చమని కోరవచ్చు.

అంతకంటే ముందు చేయగలిగిన పని చాలా చిన్నది. రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజుల పుస్తకాన్ని ఫీజు కట్టి ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. దానికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు, పాస్టరు అనుమతి కూడా అక్కర్లేదు. సొసైటీ నియమావళి నకలు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర, కంపెనీ అయితే దాని వార్షిక పత్రాలు కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఫీజుకు దొరుకుతాయి. దస్తావేజు నంబరు తెలియకపోతే మందిరం గోడకున్న శంకుస్థాపన రాయి దగ్గర మొదలుపెట్టాలి. ఆ రాయి మీద బిషప్ పేరు, పాస్టర్ పేరు, తేదీ ఉంటాయి. స్థలం ఎవరి పేరున ఉందో మాత్రం ఉండదు. ఆ తేదీకి వెనక్కి రెండు మూడేళ్ల ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయిస్తే సర్వే నంబరు పక్కన అది కనిపిస్తుంది.